ఉతికేసిన కోటు

ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో బస్సు నడిపే జనీన్ తన పాత ఆకుపచ్చ కోటును ఏనాడూ ఉతకలేదు. వయసులో ఉన్నప్పుడు గిటార్ బ్యాండ్ల కచేరీలకు ఆ కోటే తొడుక్కుని వెళ్లేది. పల్లవి అందుకోగానే జనం గ్లాసుల్లోని బీరు గాల్లోకి విసిరేవాళ్లు. కోటు నిండా ఆ మరకలే. ఏ మరక ఏ కచేరీదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

కూతురు కెయ్‌లీ ఆ కోటును శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసింది.

"ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను?"

"కంపు కొడుతోందమ్మా! శనివారం ఆ పాత బ్యాండ్ కచేరీలోనైనా బుద్ధిగా వెనక కుర్చీలో కూర్చో. అసలే మోకాలి నొప్పి."

"కూర్చుని వినే పాటలటే అవి!"

శనివారం నెరిసిన జుట్టు గాయకుడు పల్లవి అందుకున్నాడు. చుట్టూ ఉన్న బట్టతలల వాళ్లంతా గ్లాసులు జాగ్రత్తగా పట్టుకుని, పెళ్లికొచ్చిన పెద్దమనుషుల్లా నిలబడ్డారు. జనీన్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఏం రోగమర్రా మీకు?" అని అరిచి, తన గ్లాసులోని బీరంతా గాల్లోకి విసిరింది. ఎవరో ఒకతను పెద్దగా నవ్వి తన గ్లాసులోదీ విసిరాడు. ఇక హాలంతా బీరు వానే.

ఇంటికొచ్చి, ఒంటి మీది బీరోడుతున్న కోటును విప్పి కూతురి ఎదుటే తగిలించింది.

"ఇంకో ముప్పై ఏళ్లకు సరిపడా మరకలు పట్టించుకొచ్చా. ముట్టుకున్నావో, చేతులు విరుగుతాయ్!"