డోన్యా హసింత మిద్దె మీది కాపలా

లోకంలో డోన్యా హసింత నమ్మేవి రెండే: చెల్లెలు అంపారో, తన సొంత ముక్కు. మేరీమాతను మూడోదిగా చేర్చవచ్చు గానీ, కోరిక తీరాకే కొవ్వొత్తి వెలిగించే మనిషి కాబట్టి ఆ భక్తిని కూడా అరువు బేరమనే అనాలి.

మా రేవుపేటంతా గౌరవంగా 'డోన్యా' అని పిలిచే ఆమె నా పక్కింటావిడ. పొద్దున్నే అరిటాకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్నపిండి తమాలెలు అమ్మేది. కొన్నవాడు బాగున్నాయంటే, ఎందుకంటున్నాడా అని వాడు మలుపు తిరిగేదాకా చూసేది. విలువైన వస్తువుకు ప్లాస్టిక్ తొడగడం మా పేటలో మర్యాద. ఆమె ఇంట్లో అది మతం. సోఫా, టీవీ రిమోటు, గోడ మీది పెళ్లి ఫోటో, అన్నీ తొడుగుల్లోనే కాపురం చేసేవి.

రేవు పక్కన రసాయనాల గోదాము తగలబడినప్పుడు, ఉబ్బసం ఉన్న అంపారోను కొండ మీది హలాపాలో పినతల్లి కూతురింటికి పంపేసింది. మంటలు ఆరాక పురపాలక సంఘం వాళ్లు గాలిని కొలిచే యంత్రాన్ని తెచ్చారు. గోదాముకు ఎదురుగా ఉన్నది హసింత మిద్దె కాబట్టి ఫిదెన్సియో అనే ఇంజినీరు దాన్ని అక్కడే బిగించాడు. అది కొలిచింది దానంతటదే ఆఫీసుకు చేరేది. సాయంత్రం మైకు బండి వీధులన్నీ తిరిగి చాటేది. గాలి బాగుందంటే అంపారో ఇంటికి రావచ్చు.

మొదటి రోజు గాలి చెడ్డదని చాటారు. మర్నాడు గోదాము కంపెనీ చొక్కా తొడుక్కున్న ఒకడు మిద్దె చూస్తానంటూ వచ్చాడు.

"ఏం నాయనా, మా మిద్దె మీద నీ పెళ్లా?" అని తలుపు మూసేసింది హసింత. ఆపైన మెట్లకు తాళం వేసి, యంత్రానికి చేయవలసిన రక్షణ చేసింది.

ఆ సాయంత్రం నుంచీ గాలి బాగుపడింది. మైకు బండి గొంతులో పండగ కళ వచ్చింది. హసింత ముక్కుకు మాత్రం కాలిన రబ్బరు, మురిగిన గుడ్ల కంపే తగులుతోంది.

"యంత్రం అమ్ముడుపోయిందయ్యా," అంది పిట్టగోడ మీంచి నాతో.

"దానికి లంచమెందుకు, డోన్యా?"

"దానికెందుకు? బిగించినోడికి కావాలి. వాడి బూట్లు చూశావా, కొత్తవి!"

అంతలో అంపారో ఫోను. "అక్కా, గాలి బాగుందటగా. ఆదివారం బస్సెక్కుతున్నా. ఈవిడ కాఫీ తాగలేక చస్తున్నా."

ఆదివారం ఎంతో దూరం లేదు. హసింత ఆఫీసుకు వెళ్లి ఫిదెన్సియోను దాదాపు చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. సాక్షిగా నేనూ మిద్దె ఎక్కాను. అక్కడ మందపాటి సోఫా తొడుగులో, నాలుగు చుట్ల తాడుతో, యంత్రం పట్టుపురుగులా నిద్రపోతోంది.

ఫిదెన్సియో తాడు ముడిని వేలితో తట్టాడు. "ఇదెవరు చేశారమ్మా?"

"నేనే. ఆ కంపెనీవాడు ఏమైనా ఊదిపోతాడని."

"దాని ముక్కు మూసేశారు తల్లీ! తొడుగులో గాలే కొలుస్తోందది!"

తాడు విప్పి తొడుగు తీయగానే గాలిలోని విషం చూపే అంకె పెరగసాగింది. పెరుగుతూనే పోయింది. హసింత మొహం సున్నం కొట్టినట్టయింది. వెంటనే ఫోను తీసి "రావద్దు" అంది. ఎందుకో చెప్పలేదు.

గాలి లెక్కలు తేల్చడానికి పురపాలక సంఘం చర్చి హాల్లో పెట్టిన సభలో కంపెనీ వకీలు చక్కగా దువ్విన తలతో లేచాడు. "ఒకనాడు మంచిదనీ ఒకనాడు చెడ్డదనీ చెప్పే యంత్రం చెడిపోయినదే. దాని లెక్కలన్నీ కొట్టేయాలి," అన్నాడు. ఫిదెన్సియో నేల చూపులు చూశాడు. ఆమె పేరు చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

హసింత లేచి నిలబడింది. "యంత్రానికి ఏ రోగమూ లేదు. దాని మూతి కట్టింది నేను. సోఫా తొడుగుతో."

హాలంతా గొల్లున నవ్వింది. "కాస్త తమాలె కూడా తినిపించలేకపోయావా, డోన్యా!" అని ఎవరో అరిచారు. ఆమె కూర్చోలేదు.

"నవ్వండి. తొడుగున్న రోజులు కొట్టేయండి. తొడుగు లేని రోజులు మాత్రం రాసుకోండి. మా అంపారో ఆ గాలే పీల్చాలి."

అలాగే రాసుకున్నారు. మైకు బండి పండగ గొంతు మానుకుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం హసింత స్వయంగా మిద్దె ఎక్కి, ఆ అంకె చూసి హలాపాకు ఫోను చేస్తుంది. గాలి ఇంకా బాగుపడలేదు.

"నిజంగా అంకె అంతుందా అక్కా?" అంటుంది అంపారో. "నా గది ఎవరికైనా అద్దెకిచ్చావా ఏంటి?"