కడిగిన పాక వెనుక బురద

మొన్న వాన వెలిసిన సాయంత్రం నందివాడ దగ్గర ఒక రైతు గేదెల పాక వెనుక నిలబడి మాట్లాడుతుంటే మణికట్టు మీద చురుక్కుమంది. చూద్దును కదా, నలుసంత మచ్చ ఒకటి చర్మం మీద నుంచి లేచి ఎటో పోయింది. నాతో వచ్చిన కొత్త డాక్టరు "దోమండీ మేడమ్" అన్నాడు. దోమైతే చెవి దగ్గర కాసేపు రొద పెట్టి మరీ కుడుతుంది. దీనికంత మర్యాద లేదు. ఆవగింజలో నాలుగో వంతు ఉండే ఈ పురుగును మా వైపు నుసుము అంటారు. పేడ నానిన బురద వాసన, దాంతోపాటే ఈ చురుకు, రెండూ కలిసి వచ్చేసరికి ఆ రైతుతో మాట్లాడుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. రాహేలమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే ఇప్పటికీ నా నడుం దానంతటదే వంగి, కళ్లు నేల మీదికి పోతాయి.

దివిసీమలో ఒక లంక గ్రామం పశువుల ఆసుపత్రిలో నా మొదటి ఉద్యోగం. ఆవిడ అక్కడ అటెండరు, అప్పటికే రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, చేతిలో ఎప్పుడూ ఒక పాత స్టీలు గరిటె. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే, సోమవారం ఆసుపత్రిలో రైతుల్ని కేకలేసేదీ ఆవిడే. నేను బందరు దగ్గర సముద్రం మీద వేటకెళ్లే వాళ్ల ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని, పైగా డాక్టర్ని. నా తల అప్పట్లో ఎంత ఎత్తున ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. చేరిన రోజునే ఆ గరిటె ఎందుకని ఆవిడను అడిగాను. "మందు కలపడానికి మాత్రం కాదులెండి డాక్టరమ్మా. అవసరమొచ్చినప్పుడు చూపిస్తా" అన్నారు.

ఆ ఊళ్లో నాంచారయ్య గారని ఒకాయనకు నాలుగు గేదెలు, ఒక గొర్రెల మంద ఉండేవి. ఊరంతా ఆయన్ని మావయ్య అనేది, నాకూ అదే అలవాటైంది. ఆయన గేదెల పాకలో నేల మీదే అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. పొద్దునా సాయంత్రం మోటారు వేసి నేలంతా కడిగేవారు. నాకు ముచ్చటేసింది. వేసవి చివర్లో పంచాయతీ మైకు పట్టుకుని ఊరందరికీ చెప్పాను: "జబ్బులు రాకూడదంటే నాంచారయ్య గారిలా రెండు పూటలా పాకలు నీళ్లతో కడగండి." మావయ్య మీసం మెలేశారు. రాహేలమ్మ గారు మాత్రం ఆ రోజంతా నాతో ముభావంగా ఉన్నారు. ఏమైందండీ అంటే, "ఆ కడిగిన నీళ్లు ఎటు పోతన్నయ్యో చూశారా?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

వానలు ముదిరాక మావయ్య మంద జబ్బున పడింది. మొదట జ్వరం, తర్వాత మూతి వాపు, ముక్కు వెంట చీమిడి, కుంటి నడక. నోరు తెరిస్తే నాలుక నీలం తిరిగి ఉంది. దాన్ని నీలినాలుక అంటారు. నుసుము ఒక పశువును కుట్టి, తర్వాత ఇంకో పశువును కుడితే అంటుకునే వైరస్ జబ్బు. గేదెలకు సోకినా చాలావరకు పైకి కనబడదు, గొర్రెల్ని మాత్రం చంపుతుంది. ఆ మందకు అప్పటికి టీకాలు పడలేదు. పుండ్లు పడ్డ నోళ్లు కడిగాం, గంజి పట్టాం, పక్కనే కూర్చున్నాం. మందలో సగానికి పైగా పోయాయి. నాకు తెలిసిందల్లా దోమల చదువు కాబట్టి, నీళ్లు నిలిచిన ప్రతి గుంట మీదా నూనె చల్లించాను. చావులు ఆగలేదు, ఊళ్లో ఇంకొన్ని దొడ్లకూ పాకాయి.

ఒక మధ్యాహ్నం మావయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, తలకు చుట్టిన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "మా తాతల కాడి నుంచీ జీవాల్తోనే బతికామమ్మా. వచ్చే వానల దాకా చూస్తాను. మళ్లీ ఇదే వచ్చిందంటే మిగిలినియ్యి సంతకి తోలేసి ఈ పని మానేస్తా" అన్నారు. గేటు దాకా ఆయనతో నడిచి, తిరిగొచ్చి గదిలో కూర్చుని ఏడ్చాను.

రాహేలమ్మ గారు ఓదార్చే రకం కాదు. గరిటె తీసుకుని "పదండి" అన్నారు. నన్ను నేరుగా మావయ్య పాక వెనక్కి తీసుకెళ్లారు. ఎన్నిసార్లు ఆ పాక ముందు నిలబడి మెచ్చుకున్నానో, ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లలేదు. కడిగిన నీళ్లు తూములోంచి వచ్చి అరటి పిలకల మధ్య పల్లంలో ఇంకుతున్నాయి. పేడ నీళ్లు తాగి తాగి అక్కడి నేల నల్లటి బురదైంది. అది ఎండదు, అలాగని మునగదు. దానికి నాలుగడుగుల్లో గొర్రెల దొడ్డి. ఆవిడ ఆ బురద పక్కన గొంతుకూర్చుని చేయి చాపి, నన్నూ కూర్చోమన్నారు. కాసేపట్లో నుసుము కుట్టి ఇద్దరి చేతులూ దద్దురెక్కాయి.

"సముద్రం కాడ పుట్టారు గదా, మీ కంటికి నీళ్లే ఆనతయ్యి. ఇయ్యి బురదలో పుట్టేయని నా అనుమానం" అన్నారు.

"మీకెలా తెలుసండీ?"

"తెలీదు. తెలీదు గనకే గరిటె తెచ్చా."

చదువుకున్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. బురదను చిక్కటి ద్రావణంలో కలిపితే అందులోని పిల్ల పురుగులు పైకి తేలతాయి. కానీ ఆ రసాయనం మా దగ్గర లేదు, జిల్లా ఆఫీసుకు రాయాలి అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూశారు. "విత్తనపు వడ్లు ఎట్టా ఏరతారో ఎప్పుడూ చూళ్లేదా? కోడిగుడ్డు తేలిందాకా నీళ్లలో ఉప్పు కలిపి వడ్లు పోస్తే తాలు పైకొచ్చుద్ది. తాలు తేలిన కాడ పురుగు తేలదా?" ఆసుపత్రికి వచ్చి బకెట్టు నీళ్లలో రాళ్ల ఉప్పు కలిపాం. గుడ్డు తేలాక నాలుగు గరిటెల బురద వేసి తిప్పి వదిలేశాం. ముందు ఊక, గడ్డిపోచలు పైకి వచ్చాయి. వాటి మధ్య తెల్లటి దారపు ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ లేచాయి. ఒకటీ రెండూ కాదు, చూస్తుండగానే బకెట్టు పైభాగమంతా కదలడం మొదలైంది. నాకు ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే గంతులేయాలనిపించింది. వేశాను కూడా. మమ్మల్ని ఏడిపించినదాని పుట్టిల్లు దొరికింది మరి.

ఆ చలికాలమంతా మాకు అదే పని. చెరువు గట్టు, వరి మడి, పేడకుప్ప అంచు, చేతిపంపు చప్టా, ప్రతి పాక వెనుక భాగం, ఎక్కడ తడి కనబడితే అక్కడ గరిటెడు బురద తీసేవాళ్లం. దాన్ని పచ్చడి సీసాల్లో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఏ ఇంటిదో, ఏ చోటిదో రాసి వరండాలో వరసగా పెట్టాం. ఏ సీసాలో రెక్కల పురుగులు లేస్తాయో వారాల తరబడి కాచుకుని చూడాలి. రైతులు పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చినట్టు వచ్చి తమ సీసా ముందు నిలబడేవారు. చెరువు సీసాలో ఏమీ లేవు, వరి మడి సీసాలో ఒకటీ అరా. పేడ ఎత్తి ఎండకు పరిచి, నీళ్లతో కడగని ఇళ్ల సీసాల్లోనూ అంతే. నాంచారయ్య మావయ్య సీసాలో మాత్రం గుడ్డ అడుగున పురుగులు పొగలా కదిలాయి. నా మాట విని కొత్తగా కడగడం మొదలుపెట్టిన ఇళ్ల సీసాలూ అలాగే ఉన్నాయి. మావయ్య చాలాసేపు చూసి, "ఊళ్లో నాదే శుభ్రమైన పాక గదమ్మా" అన్నారు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటింటికీ వెళ్లి మెల్లగా సర్దిచెబుదామనుకున్నాను. రాహేలమ్మ గారు ఒప్పుకోలేదు. "తప్పు మైకులో చెప్పి, దిద్దుబాటు చెవిలో చెప్తారా డాక్టరమ్మా?" అన్నారు. మళ్లీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. ఆవిడ పక్కనే నిలబడ్డారు. "పాకలు కడగమని నేను మీకు చెప్పింది తప్పు. దానివల్ల మీ జీవాలు పోయాయి" అని ఊరంతా వినేలా చెప్పాను. ఆ తర్వాత చేయాల్సింది చెప్పాను. పేడను ముందు పొడిగా ఎత్తి, దొడ్డికి దూరంగా ఎండలో పల్చగా పరచాలి. కడిగితే కొద్ది నీళ్లతోనే కడిగి, అవి ఎక్కడా ఆగకుండా పొలంలోకి పారించాలి. పాక వెనుక పల్లాలను బుసక, అంటే ఇసక మన్ను, పోసి మెరక చేయాలి. దొడ్డిని గాలి బాగా తగిలే చోటికి మార్చాలి, ఎందుకంటే గాలి వీస్తుంటే నుసుము ఎగరలేకపోతుంది. మర్నాడు పొద్దున్నే బుసక ట్రాక్టరు దగ్గర పార పట్టుకుని మావయ్య కనిపించారు. ఆయన వెనుక ఆ వీధి వీధంతా ఉంది.

వానలకు ముందే టీకాలు తెప్పించి వేశాం. వానలు పడ్డన్నాళ్లూ వారం వారం బురద తెచ్చి ఉప్పు నీళ్లలో వేశాం. ఊక తేలింది, గడ్డిపోచలు తేలాయి, ఇంకేమీ తేలలేదు. వానలు వెనకబట్టాక ఒక పొద్దున మావయ్య తన మందను ఆసుపత్రి ముందుకు తోలుకొచ్చారు. రాహేలమ్మ గారు గేటు దగ్గర పీట వేసుకుని, ఒక్కో దాని నోరు తెరిచి నాలుక చూసి "ఎరుపు!" అని కేకేశారు. చర్చిలో పాట ఎత్తుకునే గొంతు అది, రోడ్డు అవతలికి వినిపించింది. జనం ఆగారు. ఇంకోటి, "ఎరుపు!" ఇంకోటి, "ఎరుపు!" నాలుగైదు అయ్యేసరికి ఊరు కూడా ఆవిడతో గొంతు కలిపింది. చివరి పిల్ల దాకా ఒక్క నీలి నాలుక లేదు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"డాక్టరమ్మా, ఇంకో నాలుగు పిల్లల్ని కొందామనుకుంటన్నా. ముదినేపల్లి వైపు మంచియ్యి ఉంటే చెప్తారా?" అన్నారు మావయ్య. సంతకు తోలేస్తానన్న మనిషి ఆయనే. టీకా గెలిచిందా, బుసక గెలిచిందా అని నేను రాహేలమ్మ గారిని అడిగాను. "సగం సూదిది, సగం పారది. ఆ లెక్కలు మీరు తేల్చుకోండి, నాకు మాత్రం ఇయ్యాల పండగే" అన్నారు.

ఆవిడ రిటైరై కూచిపూడి దగ్గర కూతురి ఊరికి వెళ్లారు, అక్కడే కన్నుమూశారు. నేను ఇప్పుడు గుడివాడలో పెద్ద కుర్చీలోనే ఉన్నాను. ఎన్నో ఊళ్లకు సలహాలు చెబుతుంటాను. కానీ ఏ ఊరికి రెండోసారి వెళ్లినా ముందుగా అడిగేది ఒకటే: "పోయినసారి నేను చెప్పినదాంట్లో ఏది తప్పింది?" జనం మొహమాటపడతారు, టీ తెప్పిస్తారు, మాట మారుస్తారు. నేను కదలను. కాసేపటికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నన్ను పంపిన ఊరు ఒక్కటీ లేదు.