బుధవారం భోజనం

మా లాండ్రీలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. వెనకాల భూతద్దం అంటారు, ఎదురుగా అక్క అంటారు. నేను మాత్రం ముందూ వెనకా కూడా అక్క అనే అంటాను. నా ఇస్త్రీ బల్ల ఆవిడ బల్ల పక్కనే, పైగా ఆవిడవి పాము చెవులు.

బట్టలు దింపుకునే బల్ల ఆవిడది. వచ్చిన ప్రతి బట్టనీ వెలుతురుకి ఎత్తిపట్టి, జేబులు తిరగేసి, మరక ఎక్కడుందో, దేనిదో చూసి, చుట్టూ సుద్దతో గీసి లోపలికి పంపాలి. టీ మరకకి ఒక మందు, నూనె మరకకి ఇంకో మందు. ఒకదానికి బదులు ఒకటి పడిందా, బట్ట గోవిందా. అందుకని తెచ్చినవాళ్ళని అడగాలి. అడగడమంటే మామూలు అడగడమా తల్లీ! "ఎక్కడ పడింది? ఎప్పుడు పడింది? అప్పుడు పక్కన ఎవరున్నారు?" పక్కన ఎవరుంటే మరకకేమిటి? అయినా అడుగుతుంది. జనం మాత్రం తక్కువా, నిలబడి అంతా చెప్పేసి పోతారు.

ఇంటికెళ్ళినా ఇదే వరస. మా ఇళ్ళ మధ్య ఒక్క గోడే కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది. వాళ్ళాయన్ని నేను బావా అని పిలుస్తాను. బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటాడు. గట్టిగా తుమ్మితే క్షమించమనే రకం. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అక్క మొదలెడుతుంది. "అన్నం డబ్బా ఖాళీ చేశారా? ఎవరి పక్కన కూర్చుని తిన్నారు? ఇంత ఆలస్యమేం? పక్క కిటికీలో అమ్మాయి ఇవాళ వచ్చిందా?" అన్నిటికీ బావ ఒకే రకం "ఊఁ". ఆ "ఊఁ"కి అర్థమేమిటని మళ్ళీ ఇంకో ప్రశ్న.

ఒక గురువారం పొద్దున అక్క ఒక సంచీ తెచ్చి నా ఇస్త్రీ బల్ల మీద పడేసింది. అందులోంచి బావ ప్యాంటూ చొక్కా తీసింది. ముఖం చూసి నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను.

"ఏమే, ఇదేమిటో చెప్పు" అని ప్యాంటు కాలి మడత విప్పి దులిపింది. చారెడు ఇసుక రాలింది.

"ఇసుక."

"బస్టాండులో ఇసుకెక్కడిదే?"

"ఎక్కడో ఇల్లు కడుతూ ఉంటారక్కా."

"ఇది సముద్రపు ఇసుక. గవ్వ పొడి ఉంది చూడు. సరే, ఇదేమిటి?" ఈసారి చొక్కా ఎడమచేతి అంచు నా ముక్కు దగ్గర పెట్టింది. నూనె మరక, దాని పక్కనే రంగు కొంచెం పాలిపోయిన చోటు. మా పనిలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది, నిమ్మరసం పడితే అలాగే అవుతుంది. "వేయించిన చేప, మీద పిండిన నిమ్మకాయ. నాకు చేప వాసన పడదని మా ఇంట్లో వండం. ఈయన ఎక్కడో తింటున్నాడు. పైగా మరక ఎడమచేతి మీదుంది. ఆయన తినేది కుడిచేత్తో. మరి ఎడమపక్క కూర్చుని నిమ్మకాయ పిండిన మహాతల్లి ఎవరు?"

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అక్క ఆ మరక చుట్టూ సుద్దతో గీసిందే గీస్తోంది.

"బావ అలాంటివాడు కాదక్కా. నేరుగా అడిగెయ్."

"అడిగితే జాగ్రత్తపడతాడు. మరకని ముందు ఉతికేసి తర్వాత చూస్తామా ఎక్కడైనా? పోయిన వారం కూడా ఇదే, అదీ బుధవారమే. డబ్బా మాత్రం నాకినట్టు ఖాళీగా వస్తోంది" అంది. తర్వాత గొంతు బాగా తగ్గిపోయింది. "పాతికేళ్ళ కాపురమే. పిల్లా జెల్లా లేకపోయినా ఆయనున్నాడు కదా అని బతుకుతున్నాను. ఆయన కూడా పోతే నాకెవరున్నారు?"

ఆ మాటతో నాకూ కోపం వచ్చింది. ఎవరిమీదో తెలీదు, వచ్చింది. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు గానీ, ఆ వారమంతా పెదవి విప్పలేదు.

బుధవారం పొద్దున అక్క ఓనరు దగ్గరికెళ్ళి పన్ను నొప్పి, సెలవు కావాలంది. ఆవిడ సెలవడగడం ఆయన ఎరగడు. నేనూ అడిగాను, తోడెళ్ళాలని.

"పన్ను పీకించుకోవడానికి తోడెందుకమ్మా?"

"గట్టి పన్నండీ" అన్నాను.

బస్టాండు ఎదురుగా పళ్ళ బండి చాటున నిలబడ్డాం. ఎండ మాడు పేల్చేస్తోంది. బండివాడు మమ్మల్ని అనుమానంగా చూస్తున్నాడని అరటిపళ్ళు కొన్నాను. అక్కడినుంచి బావ కిటికీ బాగా కనిపిస్తోంది. ముందు ఇంత బారు వరస. ఒకడు తల లోపలికి దూర్చి అడుగుతాడు, బావ చెప్తాడు, వాడు నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ అదే అడుగుతాడు. నాకే చిరాకేసింది. బావకి వేసినట్టు లేదు.

మధ్యాహ్నం కాగానే బావ కిటికీ మూసి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర చీపురుతో నిలబడ్డ ఒకామె చేతికి అక్క కట్టిచ్చిన డబ్బా అందించాడు. అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది చూడండి, గాజు పగిలినంత పనైంది.

"అదేనంటావా?"

"అక్కా, ఆవిడకి పళ్ళు కూడా లేవు. డబ్బా ఖాళీ చేసేది ఆవిడన్నమాట."

"నా వంట ఊడ్చేవాళ్ళ పాలు చేస్తున్నాడా!" అని ఒంటికాలి మీద లేచింది. నేను వెనక్కి లాగాను.

బావ గబగబా సముద్రం వైపు సందులోకి తిరిగాడు. మేమూ వెనకాలే. ఆయన నడక చూసి నాకూ అనుమానం పట్టుకుంది, నిజం చెప్పాలంటే. ఇంటికొచ్చేటప్పుడు ఈడ్చుకుంటూ వచ్చే మనిషి, కుర్రాడిలా పోతున్నాడు. ఏ పుట్టలో ఏ పాముందో అనుకున్నాను. సందు చివర ఇసుక, ఇసుక అంచున ఉప్పుగాలికి రంగు పెచ్చులూడిన హోటలు. బావ వెనక్కైనా చూడకుండా లోపలికెళ్ళాడు. కాసేపాగి మేం పక్క తలుపులోంచి దూరి, లావుపాటి స్తంభం వెనక బల్ల దగ్గర కూర్చున్నాం.

బావ కిటికీ పక్కన చిన్న బల్ల దగ్గరున్నాడు. ఎదురుగా ఇంకో కుర్చీ. దాంట్లో తన సంచీ పెట్టాడు.

"చూశావా? చోటు పట్టి ఉంచాడు" అంది అక్క.

ముసలి సర్వరు బావ దగ్గరికొచ్చి మాటా పలుకూ లేకుండా రొట్టే సూపూ పెట్టి వెళ్ళాడు. తర్వాత మా దగ్గరికొచ్చాడు.

"ఏం తెమ్మంటారమ్మా?"

"ఆ కిటికీ దగ్గరాయన ఎప్పట్నుంచి వస్తున్నాడు? ఎవరితో వస్తాడు?" అంది అక్క.

"అలాంటివి మేం చెప్పమండి. చేప తాజాగా ఉంది, తెమ్మంటారా?"

ఆయన అటు తిరగ్గానే అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "చెప్పమన్నాడంటే చెప్పడానికి ఏదో ఉన్నట్టేగా!"

ఏమంటాం? అదీ నిజమే అనిపించింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం మెడలు సాచాం. ఒక ముసలాయన వచ్చాడు. కాలేజీ పిల్లలు వచ్చారు. పసుపు బట్టల్లో ఒకామె వచ్చి నేరుగా బావ బల్ల వైపు నడిచింది. అక్క సగం లేచింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె బావని దాటి, వెనక బల్లమీద అల్లరి చేస్తున్న తన పిల్లల్ని నాలుగు తిట్టి కూర్చుంది.

బావకి చేప వచ్చింది. మాకూ వచ్చింది. అక్క పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు. నేను తిన్నాను. తిట్టుకోండి, ఘుమఘుమలాడుతుంటే ఏం చెయ్యను? బావ నిమ్మకాయ తనే పిండుకున్నాడు. రెండు ముద్దలు తిని కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉండిపోయాడు. అలా చూస్తూ చూస్తూ ఎడమ మోచెయ్యి బల్లమీద ఆనించాడు. చొక్కా అంచు వెళ్ళి పళ్ళెంలో పడింది. ఆయనకా ధ్యాసే లేదు.

అక్కా చూసింది. మరక పడటం కళ్ళారా చూడటం మా ఇద్దరికీ అదే మొదలు.

"అయితే ఎడమపక్క ఎవరూ లేరన్నమాట" అన్నాను మెల్లిగా.

"ఎదురుగా వస్తారేమో" అంది. కానీ గొంతులో పస లేదు.

ఎవరూ రాలేదు. బావ చేప తినేశాడు. సర్వరు పళ్ళెం తీసేసి టీ పెట్టాడు. ఆ ఎదురుకుర్చీలో సంచీ అలాగే ఉంది. ఇక అక్క ఉండబట్టలేకపోయింది. లేచి చరచరా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. నేను చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను.

బావ ఉలిక్కిపడి లేచాడు. "నువ్వా? ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"ఎవరికోసం ఈ కుర్చీ?"

బావ కుర్చీ వైపు చూశాడు. "సంచీ కోసం."

"ఎవరికోసం వస్తున్నారండీ ఇక్కడికి? ఎన్నాళ్ళ నుంచి? ఎందుకొస్తున్నారు?"

బావ నన్ను చూశాడు, తలొంచుకున్నాడు. "చెప్తే బాధపడతావు."

"చెప్పకపోతే చస్తాను."

"ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు" అన్నాడు బావ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది. "కిటికీ దగ్గర పొద్దస్తమానం అడుగుతారు. అది ఉద్యోగం, తప్పదు. ఇంటికొస్తే నువ్వుంటావు. వారానికో పూట ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని చోట కూర్చుందామని వచ్చాను. ఈ సర్వరు కూడా మొదటి రోజు ఏం కావాలని అడిగాడు. మీ ఇష్టం అన్నాను. మళ్ళీ అడగలేదు."

అక్క నోరు తెరిచింది. ప్రశ్నే వస్తుందని నాకు తెలుసు, బావకీ తెలుసు, ఆవిడకీ తెలిసినట్టుంది. మూసేసింది. ముఖం మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది.

బావ సంచీ తీసి కుర్చీ ముందుకు లాగాడు. "కూర్చో. ఏమైనా తిను."

"తిన్నాను" అని అబద్ధమాడింది.

బావ సంచీ భుజాన వేసుకున్నాడు, కిటికీ తెరిచే వేళవుతోంది. "ఇంక రాన్లే" అన్నాడు.

"నేను రావద్దన్నానా?"

"అన్లేదు. నీకు తెలిసిపోయిందిగా." ఆ మాట చాలా మామూలుగా అనేసి వెళ్ళిపోయాడు. టీ సగం అలాగే ఉంది.

సర్వరు వచ్చి బల్ల తుడుస్తూ, ఉండి ఉండి, "వచ్చే బుధవారం వస్తారాండీ ఆయన?" అన్నాడు. ఆ మనిషి కూడా అడగాల్సి వచ్చింది. నేను మా చేపల డబ్బులు లెక్కపెట్టి బల్లమీద పెట్టాను.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనే ఏదో ఒకటి అనాలని, "పోనీలే అక్కా, ఎవతీ లేదు. నీ మొగుడు నీకే ఉన్నాడు. అదృష్టం కదా?" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. బస్సంతా తిరిగి చూసేలా ఏడ్చింది.

"ఏ ముండో ఉండుంటే బావుండేదే" అంది కొంగు నోట్లో కుక్కుకుంటూ. "జుట్టు పట్టుకుని రోడ్డు మీదికీడ్చి, నాలుగు తగిలించి, మొగుణ్ణి ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఎవరూ లేరు కదే! ఇప్పుడు నేనెవరి జుట్టు పట్టుకోను?"