రోజలిన్ సిస్టరు గొంతు పెగిలిన వైనం

అనకాపల్లి మెయిన్ రోడ్డులో, మందుల షాపుల వరస చివర, మూడంతస్తుల నర్సింగ్ హోమ్ ఒకటి ఉండేది. అందులో స్టాఫ్ నర్సుగా పనిచేసే రోజలిన్‌కి రెండు గొంతులు. ఒకటి ఇంటి గొంతు, రెండోది ఆస్పత్రి గొంతు. రెండూ ఒకే మనిషివంటే ఎవరూ నమ్మరు.

ఇంటి గొంతు సుజి పుట్టాక వచ్చింది. సుజికి పది నెలలు. పిల్ల తుమ్మితే జలుబు న్యుమోనియాలోకి దిగుతుందేమోనని రోజలిన్ భయం. తుమ్మకపోతే ముక్కు పూర్తిగా మూసుకుపోయిందేమోనని భయం. మామూలు తల్లులకు పిల్లకి ఏదో అవుతుందని దిగులుంటుంది. బి.ఎస్సీ. నర్సింగ్ ఫస్టు క్లాసులో పాసైన పాపానికి రోజలిన్‌కి ఏమేమి అవ్వొచ్చో పేర్లతో సహా తెలుసు. అందుకని ఇంట్లో ఆమె మాట మిలిటరీ ఆర్డరు. చెంచా మరగబెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లను ముట్టుకోవాలి. చెప్పడంతో ఆగదు, భర్త స్టీవెన్ చేత తిరిగి చెప్పించుకుంటుంది కూడా.

"ఏవండీ, ఏం చెప్పేను?"

"చెంచా మరగబెట్టాలి, చల్లారేక పాలు కలపాలి."

"చల్లారేక అంటే?"

"మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలి."

ఎరువుల కొట్లో రోజంతా బస్తాలు లెక్కపెట్టి వచ్చిన స్టీవెన్ పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకుని చెప్పేవాడు. అత్తగారు లూర్దు మేరీ మాత్రం అప్పజెప్పేది కాదు. "నలుగుర్ని పెంచేను. ఒక్కడికీ మణికట్టు మీద సుక్కెయ్యలేదు. అందరూ దున్నపోతుల్లాగే ఉన్నారు" అనేది.

ఇక ఆస్పత్రి గొంతు సంగతి. గేటు దాటి యాప్రాన్ వేసుకోగానే రోజలిన్ గొంతు ఎక్కడికో దిగిపోయేది. నర్సింగ్ హోమ్ యజమాని డాక్టర్ వరప్రసాదరావు. ముప్ఫయ్యేళ్ళ ప్రాక్టీసు, గుండ్రటి కళ్ళద్దాలు, గదిలోకి వస్తే గాలి కూడా లేచి నిలబడుతుందనిపించే మనిషి. ఆయన కసిరేవాడేం కాదు. అయినా ఆయన ముందు రోజలిన్ నోట "సార్" తప్ప మరో మాట పూర్తిగా వచ్చేది కాదు. ఒకసారి మూడో బెడ్డు వాళ్ళ డ్రిప్పు అయిపోయిందని చెప్పడానికి ఆయన రౌండ్సు మొత్తం పూర్తయ్యేదాకా వెనకాలే నడిచింది. చివరికి ఆ డ్రిప్పు సంగతి రోగే చెప్పుకున్నాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా రోజలిన్‌కి నవ్వొచ్చేది. నవ్వు వెనకే సిగ్గూ వచ్చేది.

అలాంటి రోజలిన్ని డాక్టరు గారు ఒకనాడు తన గదికి పిలిచారు. పై అంతస్తులో నాలుగు పడకల గుండె యూనిట్ పెడుతున్నారు. గుండె ఆగిన మనిషిని బతికించడానికి చేసే పనుల మీద ఒక కోర్సు ఉంది, సగం కంప్యూటర్లో చదవాలి, సగం విశాఖపట్నంలో బొమ్మ మీద చేసి చూపించాలి అని చెప్పారు.

"నేనూ చేస్తాను, నువ్వూ చెయ్యి. పాసైతే యూనిట్ ఇన్‌ఛార్జివి నువ్వే. నైట్ డ్యూటీలుండవు."

నైట్ డ్యూటీలుండవు అన్న ఒక్క మాటే రోజలిన్ చెవిన పడింది. రాత్రిపూట పిల్ల పక్కన పడుకోవచ్చు. పిల్ల ఊపిరి తీస్తోందో లేదో తానే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకోవచ్చు, స్టీవెన్‌కి ఫోన్ చేసి చూడమననక్కర్లేదు. "సరే సార్" అంది.

కంప్యూటర్ సగం ఆమెకు పండగలా గడిచింది. ఇంటి దగ్గర పైడిరాజు నెట్ సెంటర్లో మూల క్యాబిన్ ఆమెది. పక్క క్యాబిన్లలో ఇంటర్ కుర్రాళ్ళు చాటింగులు చేసుకుంటుంటే, రోజలిన్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెర మీది రోగికి ప్రాణం పోసేది. గుండె కొట్టుకోవడం చూపించే గీత పిచ్చిగా గిలగిల్లాడితే షాకు బొమ్మ మీద నొక్కాలి. గీత సాపుగా ఉంటే షాకు పనికిరాదు, ఛాతీ నొక్కుతూనే ఉండాలి, అడ్రినలిన్ బొమ్మ మీద నొక్కాలి. అన్నీ మౌస్ క్లిక్కులే. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తెర మీది డాక్టరు కళ్ళద్దాల పైనుంచి చూడడు. కరెంటు పోతే మాత్రం రోగీ పోయేవాడు. పైడిరాజు కొవ్వొత్తి పట్టుకుని వచ్చి, "పోయేడా మేడమ్? పర్లేదు, కరెంటొచ్చేక మళ్ళీ బతికించుకుందురు గాని" అనేవాడు.

అలా బతికించి బతికించి పరీక్షలో తొంభై ఆరు మార్కులు తెచ్చుకుంది. స్టీవెన్‌కి చూపించి, "గుండె ఆగిపోవడమంటే ఇక నాకు మంచినీళ్ళు తాగినట్టే" అంది. తర్వాత చాలాకాలం ఆ మాట గుర్తొస్తే దుప్పటి ముసుగేసుకునేది.

విశాఖపట్నంలో ప్రాక్టికల్. హాల్లో బల్ల మీద రబ్బరు బొమ్మ పడుకుని ఉంది. నలుగురేసి ఒక జట్టు. రోజలిన్ జట్టులో వరప్రసాదరావు గారు, ఎలమంచిలి నుంచి వచ్చిన ఇద్దరు కుర్ర డాక్టర్లు. ట్రైనర్ మేడమ్ సన్నగా, చురుగ్గా ఉంది. చీటీ తీసి, "ఈసారి లీడరు రోజలిన్. లీడరు చెయ్యి పెట్టదు, చెబుతుంది. పేరుపెట్టి చెప్పాలి. విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. మొదలుపెట్టండి, ఈ మనిషి గుండె ఆగింది" అంది.

రోజలిన్‌కి అన్నీ తెలుసు. తెర మీద అయితే ఈపాటికి క్లిక్ చేసేది. ఇక్కడ మౌస్ స్థానంలో వరప్రసాదరావు గారున్నారు.

"సార్... అంటే... మీకేమీ ఇబ్బంది లేకపోతే... కొంచెం ఛాతీ మీద..."

"ముందు మానిటర్ తగిలిద్దాం. నువ్వు అడ్రినలిన్ లోడ్ చెయ్యి సిస్టర్" అన్నారాయన, ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ.

"సరే సార్" అని లీడరు వెళ్ళి సిరంజి పట్టుకుంది.

"ఆపండి!" మేడమ్ చప్పట్లు కొట్టింది. "ఈ జట్టుకి లీడరెవరు? చూపించండి."

కుర్ర డాక్టర్లిద్దరూ వరప్రసాదరావు గారిని చూపించారు. మూడో వేలు కూడా ఆయన వైపే ఉంది. అది రోజలిన్‌దే.

"బొమ్మ చచ్చిపోయింది" అంది మేడమ్. "భోజనాలయ్యాక ఇంకొక్క అవకాశం. అదీ పోతే ఇంటికే."

వరండాలో పులిహోర పొట్లాలిచ్చారు. నైట్ డ్యూటీలు రోజలిన్ కళ్ళ ముందు వరసకట్టి నిలబడ్డాయి. కాస్త దూరంలో కుర్చీలో డాక్టరు గారు, ఆయన పక్కన ట్రైనర్ మేడమ్ తింటున్నారు. పిల్లెలా ఉందో కనుక్కుందామని రోజలిన్ ఇంటికి ఫోన్ చేసింది.

"బాగానే ఉంది. అమ్మ బెల్లమ్ముక్క చేతికిచ్చింది, చప్పరిస్తోంది" అన్నాడు స్టీవెన్.

"ఏటీ? బెల్లం ముక్కా? ఎంత ముక్క?"

"నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు... కొంచెం తగ్గింది."

రోజలిన్ పొట్లం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఏవండీ! ముందు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. చేతిలో ముక్క తీసెయ్యండి. నోట్లో చూడండి. కనిపిస్తే తియ్యండి, కనిపించకపోతే వేలు పెట్టి కెలక్కండి, లోపలికి పోద్ది. ఏం చెప్పేను?"

వరండాలో పులిహోర తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"కూర్చోబెట్టాలి. ముక్క తీసెయ్యాలి. కనిపిస్తేనే తియ్యాలి, కెలక్కూడదు" ఫోన్లో స్టీవెన్ అప్పజెప్పాడు. వెనకాల లూర్దు మేరీ, "ఊరంతా బెల్లం తినే పెరిగింది, దీని కూతురికే అడ్డంపడుద్దా?" అంటోంది.

"నోట్లో ఏటీ లేదు. నవ్వుతోంది."

"ఊపిరి?"

"తీస్తోంది రోజీ. నేనే తియ్యటం లేదు."

ఫోన్ పెట్టేసి చూస్తే అందరూ తననే చూస్తున్నారు. ట్రైనర్ మేడమ్ చెయ్యి కడుక్కుంటూ, "పొద్దున్నించి నేను నేర్పుతున్నది ఇదేనమ్మా. ఇంట్లో రోజూ చేస్తున్నావన్నమాట" అంది.

రెండోసారి బల్ల చుట్టూ నిలబడ్డారు. రోజలిన్ మనసంతా ఇంకా ఆ ఫోన్‌లోనే ఉంది. బొమ్మ గుండె ఆగిందని మేడమ్ అనగానే, ఎదురుగా చేతులు వేలాడేసుకుని నిలబడ్డ మగమనిషి ఒకడు కనిపించాడు.

"ఏవండీ! చూస్తూ నిలబడ్డారేటి? ఛాతీ మీద నొక్కండి. గట్టిగా, ఆపకుండా. ఏం చెప్పేను?"

అప్పుడు తట్టింది రోజలిన్‌కి, తాను 'ఏవండీ' అని పిలిచింది ఎవరినో. భూమి అక్కడే రెండుగా చీలితే దూరిపోదామని చూసింది. చీలలేదు, మొజాయిక్ ఫ్లోరు.

వరప్రసాదరావు గారికీ పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. ఆ పిలుపు చెవిన పడగానే ఆయన ఆలోచించకుండానే ముందుకు వంగారు. "ఛాతీ మీద నొక్కాలి. గట్టిగా. ఆపకుండా" అని అప్పజెప్పి నొక్కడం మొదలుపెట్టారు.

ఇక వెనక్కి పోవడానికి లేదు. కుర్ర డాక్టర్లలో ఒకరికి ఊపిరి సంచీ, ఒకరికి షాకు మెషీను అప్పగించింది. "అందరూ దూరం జరగండి" అని అరిచింది. డాక్టరు గారు జరగడం ఆలస్యమైతే, "మీరు కూడానండీ!" అంది. బొమ్మ బతికింది. మేడమ్ నవ్వాపుకోలేక కాగితం అడ్డం పెట్టుకుని సంతకం చేసింది.

పాసయ్యానన్న సంతోషం అనకాపల్లిలో బస్సు దిగాక ఒక్క పూట కూడా నిలవలేదు. డాక్టరు గారే ఆ కథ రిసెప్షన్లో చెప్పి నవ్వేశారు. మర్నాటికి ఆస్పత్రంతా పాకింది. వార్డు బాయ్ అప్పలరాజు ఎదురైనప్పుడల్లా, "ఏవండీ సిస్టర్, స్పిరిట్ ఎక్కడెట్టమన్నారు?" అనేవాడు. దాంతో ఉన్న గొంతు కూడా పోయింది. ఇదివరకు "సార్" అనైనా అనేది. ఇప్పుడు అదీ అనకుండా తల ఊపుతోంది.

యూనిట్ తెరిచారు. డాక్టరు గారు పిలిచి, "సర్టిఫికెట్ వచ్చింది, బాగుంది. ఇక్కడ కూడా గొంతు లేస్తుందో లేదో చూసి అప్పుడు డ్యూటీ మారుద్దాం. లెయ్యకపోతే వైజాగ్ నుంచి ఎవరినైనా తెచ్చుకోవాలి" అన్నారు. రోజలిన్ తల ఊపింది.

మొదటి పడకలో కోటవురట్ల నుంచి వచ్చిన చెరుకు రైతు ఎర్రయ్య. గుండెనొప్పితో వచ్చాడు, మందులకు తగ్గింది. ఆ ఉదయం రౌండ్సులో డాక్టరు గారు పక్క పడక దగ్గర వంగి రోగి కడుపు నొక్కి చూస్తున్నారు. రోజలిన్ ఫైలు పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి ఎర్రయ్య మానిటర్ కుయ్యిమంది. చూస్తే గీత సాపుగా పోతోంది. ఎర్రయ్య కళ్ళు మూసుకుని నోరు తెరిచి పడున్నాడు.

"సార్" అనబోయింది. రాలేదు. ఇంకోసారి నోరు తెరిచింది. 'ఏవండీ' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని పళ్ళతో పట్టి ఆపింది. గీత అలాగే పోతోంది. ఏదో ఒకటి అనాలి.

"వరప్రసాదరావు గారూ!"

ఆ పేరు ఆ భవనంలో గేటు పైన బోర్డు మీద తప్ప ఎక్కడా లేదు. ఎవరైనా పైకి పలకగా విన్నవాళ్ళు లేరు. అప్పలరాజు చేతిలో ట్రే జారింది.

"స్టూలెక్కి ఛాతీ నొక్కండి. అప్పలరాజూ, మందుల ట్రాలీ తే, పరిగెత్తు! ఏం చెప్పేను?"

"ఛాతీ నొక్కాలి" అన్నారు డాక్టరు గారు.

"మందుల ట్రాలీ, పరిగెత్తాలి" అన్నాడు అప్పలరాజు, అప్పటికే పరిగెడుతూ.

డాక్టరు గారు స్టూలెక్కి రెండు చేతులూ ఎర్రయ్య ఛాతీ మీద మోపారు. ఎర్రయ్య కళ్ళు తెరిచాడు.

"ఏటి బాబూ? రేతిరంతా దగ్గేను. ఇప్పుడే కన్నంటుకుంది. ఇప్పుడూ నిద్దరోనివ్వరా?"

అతని చొక్కా కింద నుంచి ఊడిపడ్డ మానిటర్ వైరు మంచం పక్కన వేలాడుతోంది. దురద పుట్టి గోక్కున్నాడట. పుస్తకంలో మొట్టమొదటి పాఠం, పైడిరాజు నెట్ సెంటర్లో రోజూ చదివిన పాఠం, 'ముందు మనిషిని తట్టి పిలవండి' అని. తొంభై ఆరు మార్కుల రోజలిన్ ఊరందరినీ పిలిచింది గానీ ఎర్రయ్యను మాత్రం పిలవలేదు.

డాక్టరు గారు మెల్లగా స్టూలు దిగి, దాని మీదే కూర్చున్నారు. "ఇతని గుండెకేం కాలేదు. ఇంకొంచెంలో నాదే ఆగేది" అన్నారు.

"సారీ సార్..."

"వినపడలేదు."

"సారీ సార్! ముందు పేషెంటుని పిలవాల్సింది!"

"అవును. ఈసారి పిలువు. కానీ అరవడం మానకు." ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. "రేపట్నుంచి నీకు డే డ్యూటీ. యూనిట్ నీది. ఏం చెప్పేను?"

"రేపట్నుంచి డే డ్యూటీ. యూనిట్ నాది" అంది రోజలిన్. మూడంతస్తులూ వినేలాగే అంది.

ఆమె ఎర్రయ్య ఛాతీకి వైరు మళ్ళీ అతికిస్తుంటే, అతను డాక్టరు గారి వైపు తిరిగాడు.

"బాబూ, ఈ పిల్ల ఎవుర్నో వరప్రసాదరావని కేకేసింది. ఎవురాయన?"

"నేనే."

ఎర్రయ్య ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"మీకూ పేరుందేటి బాబూ?"