వదిన పట్టని డేరా

మా వీధిలో అమలమ్మగారిని ఎరగని వాళ్లు లేరు. ఇంజెక్షన్ చేయించుకోవాలన్నా, చంటిపిల్ల ఒళ్లు కాలుతోందన్నా ముందు ఆవిడ గుమ్మంలోకే వస్తారు. గన్నవరం వెళ్లే రోడ్డులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ నర్సు. యాభైకి దగ్గర పడింది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే "డ్యూటీ పడిందండీ" అంటుంది, అదేదో ఒక్కపూట డ్యూటీ అయినట్టు.

గుణదలలో అన్న జాన్సన్‌గారి ఇంట్లో, మేడ మీద వాటాలో వాళ్లందరితో కలిసి ఉంటుంది. కింద వాటా నాది. అద్దెకుంటూ జాకెట్లు కుడతాను, పేరు సుబ్బరత్నం. నా కళ్లు మంచివి, చెవులు ఇంకా మంచివి, నోటి సంగతి మీకే తెలుస్తుంది.

ఆ ఇంటిని ఇల్లనడం కన్నా సత్రం అనడం న్యాయం. మేరీమాత కొండకి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన చుట్టాలు అక్కడే దిగుతారు. తెల్లవారి విమానం ఎక్కాల్సిన వాళ్లు ముందు రాత్రి అక్కడే పడుకుంటారు. హనుమాన్ జంక్షన్ నుంచి జాన్సన్‌గారి భార్య స్టెల్లాగారి తరఫు వాళ్లు కారణం లేకుండా కూడా వస్తారు. పొద్దున పాలప్యాకెట్ వేళ మొదలు "స్టెల్లా, టవలేదీ?", "స్టెల్లక్కా, చట్నీ ఉందా?", "అత్తా, చార్జరు!" అని ఆ పేరు మెట్ల మీద దొర్లుతూనే ఉంటుంది. ఆవిడ ఒక్కనాడు విసుక్కోగా నేను వినలేదు. నాలాంటిదైతే గరిటె విసిరేది.

అమలమ్మగారు ముందుగదిలో పడుకుంటుంది, ఆ రోజు ఎవరొస్తే వాళ్ల మధ్య.

వాళ్ల ఆసుపత్రిలో డాక్టర్లు కొందరు ట్రెక్కింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. అమలమ్మగారు మొదట వాళ్లతో కొండపల్లి వెళ్లింది, తర్వాత అరకు వెళ్లింది. కిందటేడు వేసవికి హిమాచల్‌లో ఏదో లోయకి వెళ్దామనుకున్నారు. కొండల మీద ఆరేడు రాత్రులు గుడారాల్లో పడుకోవాలి. అమలమ్మగారు పేరిచ్చేసింది. ఇంట్లో చెప్పగానే జాన్సన్‌గారు అడిగింది ఒక్కటే: "తోడెవరు?"

మా వైపు ఆడమనిషి ఎక్కడికి బయలుదేరినా ఈ ప్రశ్న తప్పదు. బజారుకైనా అంతే, స్వర్గానికైనా అంతే. డాక్టరమ్మలు ముగ్గురొస్తున్నారని ఈవిడ చెబితే "వాళ్లు పరాయివాళ్లే కదే" అన్నాడాయన. అప్పుడు వంటింట్లోంచి స్టెల్లాగారి గొంతు వచ్చింది.

"నేనెళ్తాలెండి తోడు. ఇద్దరం ఒక టెంట్‌లో పడుకుంటాం."

గుణదల కొండ మెట్లకే నాలుగుసార్లు కూలబడే మనిషి! ఎలా ఎక్కుతావు వదినా అంటే "గుర్రాలుంటాయంటగా" అందట.

ఆ సాయంత్రం అమలమ్మగారు జాకెట్ గుడ్డ ఒకటి వంకగా పట్టుకుని నా దగ్గరికి దిగింది.

"రత్నంగారూ, మా వదిన వస్తానంటోందండీ."

"వద్దని చెప్పండి."

ఎవరినో చంపమన్నట్టు చూసింది నన్ను. "ఎలా చెప్తానండీ? నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నా మంచం పక్కన నేల మీద పడుకుంది ఆవిడ. మంచిదండీ మా వదిన. అదే వచ్చిన గొడవ."

మిషను ఆపాను. ఆవిడ గుడ్డ మడత విప్పుతూ, మళ్లీ వేస్తూ అంది: "ఆసుపత్రిలో రాత్రంతా పేషెంట్ల ఊపిరి వింటానండీ. ఇంటికొస్తే చుట్టాల గురకలు వింటాను. ఒక్క రాత్రి ఎవరి ఊపిరీ వినపడకుండా పడుకోవాలని ఉందండీ. అంతకన్నా ఏం వద్దు నాకు."

ఆ కోరిక నాకూ ఉందని, ఆవిడ పైకి అనేదాకా నాకే తెలియదు. సరే, ఆడపడుచు అర్ధమొగుడంటారు కానీ ఈ ఆడపడుచుకి వదినతో ఒక్కమాట అనే నోరు లేదు. మనమే ఏదో ఒకటి చెయ్యాలి.

"టెంట్లో చోటు లేదంటే?" అన్నాను.

క్లబ్బు వాళ్లిచ్చేవి ఇద్దరి టెంట్లట. ఎవరి టెంటు వాళ్లు తెచ్చుకుంటే అభ్యంతరం లేదు కానీ, ఎవరిది వాళ్లే వీపున మోసుకోవాలి. అంటే కావలసింది ఒక్కరికి సరిపోయేది, బరువు లేనిది. ఇక స్టెల్లాగారైతే పరాయివాళ్ల పక్కన పడుకోనని ముందే చెప్పేసింది. అమలమ్మ టెంటు ఒక్కరిదైతే ఆవిడ ప్రయాణం దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ ఎవర్నీ వద్దన్నట్టు కాదు. ఇంత తెలివి నాకెక్కడిదా అని నేనే ఆశ్చర్యపోయాను.

మొదట క్లబ్బులో ఒకాయన చూపించింది అసలు టెంటే కాదు, సంచి. అందులో దూరి మెడదాకా జిప్పు లాక్కోవడమే. అన్నిటికన్నా తేలిక అదేనట. అమలమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి దణ్ణం పెట్టేసింది. "ఇలాంటి జిప్పులు ఆసుపత్రిలో చాలా వేశానండీ. అందులోకెళ్లిన వాళ్లెవరూ మళ్లీ కొండలెక్కలేదు."

రెండోది నిజంగా బాగుంది. రెండు పొరలు, లోపల దోమతెర, వంచిన పుల్లల మీద దానంతటదే నిలబడుతుంది. కిలో మీద కొంచెం బరువు. పైన ఇంగ్లీషులో ఒక్కరికే అని స్పష్టంగా రాసి ఉంది. క్లబ్బులో ఎవరిదో అడిగి తెచ్చి డాబా మీద నిలబెట్టింది. ఇంటిల్లిపాదీ పైకొచ్చారు. స్టెల్లాగారు కొంగు దోపుకుని చుట్టూ తిరిగి చూసింది.

"ఒక్కరికే అని ఉంది వదినా," అంది అమలమ్మగారు, పాపం, ఎంతో బాధ నటిస్తూ.

"అది తెల్లవాళ్ల లెక్కే. వాళ్లకి సర్దుకోవడం ఏం తెలుసు?"

నా కొంప మునిగిందని అప్పుడే అర్థమైంది. ముగ్గురెక్కే ఆటోలో ఎనిమిది మంది ఎక్కే ఊళ్లో ఉంటూ, అట్ట మీద రాసిన అంకెను నమ్ముకున్నాం మేం! బెజవాడలో ఒకటి అని రాసి ఉంటే అది బేరం మొదలుపెట్టే అంకె. స్టెల్లాగారు అమలమ్మని లోపల పడుకోమంది. తను తల అటు, కాళ్లు ఇటు పెట్టుకుని పక్కకి ఒత్తిగిల్లి దూరింది. కాసేపు గుడారం పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టు ఊగింది. తర్వాత లోపల్నుంచి విజయగర్జన వినిపించింది.

"ఏమండీ! పట్టాం!"

బయటికొచ్చిన అమలమ్మగారి మొహం చూడలేకపోయాను. వదిన పాదాలు చెవి పక్కన పెట్టుకుని హిమాలయాలు చూడబోతున్న మనిషి మొహం అది.

మర్నాడు ఆవిడ డ్యూటీకి వెళ్తుంటే గేటు దగ్గర ఆపాను. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పకూడదనేది మా వృత్తిలో మొదటి పాఠం. చెప్పాను. స్టెల్లాగారికి క్రిస్మస్‌కీ, ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకీ నేనే కుడతాను. భుజం, ఛాతీ, నడుం అన్నీ నా నోటికి వచ్చు. కిందటేడు విప్పి వదులు చేసిన కుట్లతో సహా వచ్చు.

"మీ కొలతతో కొనకండి అమలమ్మగారూ, మీ వదిన కొలతతో కొనండి. మీరు పట్టాక ఎంత మిగలకూడదో అది చూసుకోండి. కాళ్లవైపు కూడా. ఆవిడ అటునుంచే కదా వచ్చింది."

ఆవిడ ముందు తప్పు కదండీ అంది. తర్వాత పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది.

అలా దొరికింది మూడోది. తిరగేసిన పావడాలాగా తలవైపు వెడల్పు, కాళ్లవైపు సన్నం. ఒకే పొర. పుల్లలు లేవు, కొండెక్కడానికి వాడే చేతికర్రే దాన్ని నిలబెట్టే నిట్టాడు. మడిస్తే లీటరు నీళ్లసీసా అంత ఉంది, బరువు అంత కూడా లేదు. ఉల్లిపొరలాంటి ఆ గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూశాను, కుట్లు లాగి చూశాను. తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు, అది నాకు కొంచెం కష్టంగానే ఉంది. లోపం లేకపోలేదు. ఒకే పొర కాబట్టి మన ఊపిరి చెమ్మే లోపలివైపు పట్టి చుక్కలుగా కారుతుందట. మేకులు దిగని నేల మీద నిలబెట్టడం కూడా తంటానే.

"చెమ్మేగా, తుడుచుకుంటాను. నా ఊపిరేగా," అంది అమలమ్మగారు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యి అందరూ బిర్యానీ తిన్నాక డాబా మీద పరీక్ష పెట్టారు. సిమెంటు మీద మేకులెలా దిగుతాయి? ఇటుకలు, క్రోటన్ కుండీలు, నీళ్ల టిన్ను, నా బట్టల తీగ స్తంభం, దొరికిన ప్రతిదానికీ తాళ్లు కట్టాం. అమలమ్మగారు లోపలికెళ్లి పడుకుంది. స్టెల్లాగారు తలవైపు నుంచి ప్రయత్నించింది. భుజం దగ్గర ఆగిపోయింది. కాళ్లవైపు నుంచి ప్రయత్నించింది. మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఒత్తిగిల్లింది, ఊపిరి బిగపట్టింది, గుడ్డ పటపటమంది. నేను ఆరిన బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ మనసులో మేరీమాతకి కొవ్వొత్తులు మొక్కుకున్నాను. మా దేవుళ్లు వేరే అయినా సమయానికి ఎవరు పలికితే వాళ్లే దేవుడు.

స్టెల్లాగారు లేచి చీర సర్దుకుంది. "నువ్వు బయటికి రావే. ఒక్కరైతే ఎలా ఉంటుందో చూస్తా."

ఆవిడ లోపలికి దూరింది. జిప్పు పడింది.

తర్వాత చప్పుడు లేదు. కింద నుంచి జాన్సన్‌గారు "స్టెల్లా, కాఫీ!" అన్నారు. జవాబు లేదు. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన మరదలు "అక్కా, చక్కెర డబ్బా ఎక్కడా?" అని అరిచింది. జవాబు లేదు. పిట్టగోడ మీద పెట్టిన ఆవిడ ఫోను మోగి మోగి ఊరుకుంది. అమలమ్మగారిలో నర్సు మేలుకుంది. వంగి, గాలి కోసం వదిలిన సందులోంచి తొంగి చూసింది. నేనూ చూశాను. స్టెల్లాగారు వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్లు తెరిచే ఉంది. పైన గుడ్డలోంచి దిగుతున్న పచ్చటి వెలుతురు చూస్తోంది.

"వదినా, బాగానే ఉన్నావా?"

"ఉండవే కాసేపు."

ఎండ నా బట్టల తీగ దాటి వెళ్లాక బయటికొచ్చింది. జడ ఊడిపోయి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి, కాఫీ లేక మూతి ముడుచుకుని కూర్చున్న మొగుడి ముందు నిలబడింది.

"ఒక్కరికే పడుతుందండీ. నేను దూరి చూశాను కదా. అమల ఒక్కతే వెళ్తుంది. డాక్టరమ్మలున్నారు, ఏం ఫర్వాలేదు."

జాన్సన్‌గారు తోడు సంగతి ఏదో అనబోయారు. ఆవిడ చక్కెర డబ్బా చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టింది. ఆయన కాఫీ సంగతి అడిగారు.

అమలమ్మగారు వెళ్లొచ్చింది. ముక్కు తోలు ఊడింది, మొహం నల్లబడింది, నడకలో ఏదో కొత్త ధీమా వచ్చింది. అక్కడ మంచు, నదులు, గొర్రెల మందలు ఎన్నో చూసిందట. నాకు మాత్రం ఒక్క రాత్రి గురించే చెప్పింది. వర్షం పడిందట. లోపల తన ఊపిరే చుక్కై ముక్కు మీద పడి మెలకువ వచ్చిందట.

"ఎవరూ పిలవలేదండీ రత్నంగారూ. చుక్కని తుడుచుకుని మళ్లీ పడుకున్నాను."

కళ్లు చెమర్చాయి ఆవిడకి. నాకు కుళ్లుతో ఒళ్లు మండింది, ఆ మాటే ఆవిడతో అన్నాను కూడా. ఇద్దరం నవ్వుకున్నాం.

గుడారం ఆరాలని డాబా మీద కట్టారు. ఆరింది. అయినా ఎవరూ విప్పలేదు. తర్వాతి ఆదివారం ఇంటినిండా చుట్టాలు. నేను తడి బట్టలు పట్టుకుని పైకెళ్లేసరికి అమలమ్మగారు నా ముందే మెట్లెక్కుతోంది, చేతిలో దిండు. గుడారం జిప్పు వేసి ఉంది. బయట ఒక జత చెప్పులున్నాయి, స్టెల్లాగారివి. కింద నుంచి ఎవరో "స్టెల్లా! స్టెల్లా!" అని పిలుస్తున్నారు.

అమలమ్మగారు దిండు చంకలో పెట్టుకుంది. తర్వాత వంగి మెల్లగా అంది: "వదినా, కాస్త జరుగు. సర్దుకుందాం."

"పట్టదే," అంది లోపల్నుంచి స్టెల్లాగారు, ఎంతో తీరిగ్గా. "నా జాకెట్ కొలత అరచేతిలో రాసుకుని మరీ కొన్నావుగా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. చప్పుడు కాకుండా ఒక మెట్టు వెనక్కి వేశాను.

"రత్నంగారిని కూడా కిందికి పోవద్దని చెప్పు. మీ ఇద్దరూ అక్కడే గుమ్మం దగ్గర కూర్చోండి. ఎవరైనా పిలిస్తే నేను లేనని చెప్పండి."

కూర్చున్నాం. తడి బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి. మెట్ల మీద పిలుపు వినపడ్డప్పుడల్లా "ఇక్కడ లేదండీ" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.