తప్పు తూటాదా, కంటిదా

1934లో నేను మలయా దేశంలోని ఇపో పట్నంలో ఒక తుపాకుల దుకాణంలో పనిచేసేవాణ్ణి. కాల్చేసిన ఇత్తడి గొట్టాలను మళ్లీ తూటాలుగా నింపడం నా పని. దాన్ని రీలోడింగ్ అంటారు. పాత ప్రైమర్ ఊడగొట్టి కొత్తది కూర్చాలి, తుపాకి మందు పోయాలి, గుండు బిగించాలి. ప్రైమర్ అంటే తూటా అడుగున ఉండే చిన్న లోహపు బిళ్ల. తుపాకీ సూది దాన్ని పొడిస్తే లోపలి మందు అంటుకుంటుంది. ఏళ్ల తరబడి అదే పని చేసి నాకు విసుగొచ్చింది గానీ, కాల్చేవాళ్లకు మాత్రం రాలేదు.

ఈ తేమ దేశంలో అందరిదీ ఒకటే పట్టు, ప్రైమర్ ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదని. తూటా తుస్సుమంటుందేమోనని భయం. హుటాన్ మెలింటాంగ్ దగ్గరి కొబ్బరి ఎస్టేట్ దొరదీ అదే తీరు. తన సన్న తూటాల రైఫిల్‌కి కూడా ఘాటు రకమే పెట్టమనేవాడు. సన్న తూటాకి మెత్తని రకమే మంచిదని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

ఆ ఎస్టేట్‌లో కాయలు కొరికే ఉడతలను ఆ రైఫిల్‌తో కాల్చే పని అప్పలసామి మావది. ఇండియాలో మా వైపు మనిషి, తల నెరిసినవాడు. ఒక రోజు దొర ఆయన్ను కారులో తెచ్చి మా దుకాణంలో దింపాడు. కొన్నాళ్లుగా దెబ్బలన్నీ తప్పుతున్నాయట. తప్పు తూటాదైతే వేరేవి నింపమన్నాడు. మనిషిదైతే వేరేవాణ్ణి పెట్టుకుని, మావను ఓడెక్కించి ఇండియాకి పంపేస్తానన్నాడు. సాయంత్రం వచ్చి జవాబు అడుగుతానని క్లబ్బుకి వెళ్లిపోయాడు.

మావా నేనూ ఊరి బయట పాత తగరపు గని ఇసక దిబ్బకి వెళ్లాం. రైఫిల్‌ను ఇసక మూట మీద ఆనించి ముందు ఘాటు ప్రైమర్ తూటాలు కాల్చాను. గురికి కట్టిన కాగితం నిండా చెల్లాచెదురుగా పడ్డాయి. తర్వాత అదే కొలతలో పిస్టల్ కోసం చేసిన మెత్తని ప్రైమర్లు కూర్చినవి కాల్చాను. చిల్లులన్నీ ఒకేచోట, బొటనవేలితో మూసేయొచ్చు. సన్న తూటాలో మందు తక్కువ. ఘాటు ప్రైమర్ అయితే మందు సరిగా అంటుకోకముందే గుండును కదిలించేస్తుంది, ఒక్కో దెబ్బ ఒక్కో తీరుగా పోతుంది. నా మాటే నెగ్గిందని సంబరపడి, మావను కూడా కాల్చమన్నాను.

ఆయన అవే మెత్తని తూటాలు కాల్చాడు. కొన్ని కాగితం అంచున తగిలాయి, మిగతావి దిబ్బలోకి పోయాయి.

"మావా, కాగితం అగుపడతందా?"

"తెల్లగా ఏటో అగుపడతాది బాబూ. తోటలోనైతే ఆకు కదిలిన కాడికి పేల్చేత్తాను."

నా సంబరమంతా చప్పబడిపోయింది. ఇద్దరం ఇసకలో కూలబడ్డాం. ఖాళీ గొట్టాలు ఏరుతూ ఆయనే అన్నాడు.

"ఓడ దిగితే అక్కడ నాకెవులున్నారు? మా ఆడది ఈ మట్టిలోనే ఉన్నాది. ఆ పాత రకమే ఎట్టి నింపు బాబూ. నా గురి తప్పినా తప్పు ఆటి మీదికి పోతాది."

సాయంత్రం దొర వచ్చాడు. తూటాలదే తప్పన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. మావ మాత్రం నా ముఖం చూడలేదు. దొర మెత్తని తూటాలతో నేను కాల్చిన కాగితం చూసి మురిసిపోయి, ఇకనుంచి అన్నీ మెత్తని రకమే నింపమన్నాడు. ఇన్నేళ్లూ వినని మాట ఆ రోజే విన్నాడు. పాతవే పెట్టడానికి నాకిక దారి లేకపోయింది. మావ ఎదురుగా కూర్చుని చూస్తుండగానే ఒక పెట్టె నింపి ఇచ్చాను.

మంచి తూటాలతోనూ గురి తప్పుతోందని, ఆ పెట్టె సగం కాకముందే ఆయన్ను ఓడెక్కించారని తెలిసింది.

సన్న తూటాకు మెత్తని ప్రైమరే మంచిదని ఇప్పటికీ చెబుతాను. కానీ తప్పు తుపాకీదో మనిషిదో తేల్చమని ఎవరైనా వస్తే, అది తేలాక ఆ మనిషి ఎక్కడికి పోవాలో ముందు అడుగుతాను. తుపాకీ ముట్టుకునేది ఆ తర్వాతే.