తడిక ముందు దగ్గు

మిరపచేను నుంచి వచ్చిన హైమమ్మ ఇంటి తడిక ముందు ఆగి, ఒకసారి దగ్గనిదే లోపల అడుగు పెట్టదు. ముసలితనంలో చూపు పోయిన పెంపుడు కుక్క గండు ఉలిక్కిపడకూడదని చేసుకున్న అలవాటది. ఆ దగ్గు వినగానే ఆ కుక్క తోకతో నేలను టపటపా కొట్టేది. వానాకాలంలో గండు చచ్చిపోయింది. హైమమ్మ దగ్గు మాత్రం పోలేదు. దగ్గి, కాసేపు నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చేది. మొగుడు వెంకటనారాయణ వెదురు లారీలో ఏదో అడవి పల్లె నుంచి కుక్కపిల్లను తెస్తే, "నాకెందుకయ్యా గీ కుక్కపిల్ల? నువ్వే సాదుకో" అంది. గండు తిన్న సత్తుగిన్నెను అటకెక్కించి, పిల్లకు కొబ్బరిచిప్పలో అన్నం పెట్టింది. పేరు కూడా పెట్టలేదు.

ఓ సాయంత్రం ఎప్పటిలాగే తడిక ముందు దగ్గింది. పిడికెడు లేని ఆ పిల్ల లోపల్నుంచి దూసుకొచ్చి, దారికి అడ్డంగా నిలబడి, ఆమె మీదే మొరగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లకు తన దగ్గుకు పలికే ప్రాణి దొరికిందనిపించి, నెత్తిమీది గంప ఊగేలా నవ్వేసింది హైమమ్మ. "ఓ అయ్యా, జల్దీ రా! నా ఇంట్లకు నన్నే రానిస్తలేదు ఇది!" వెంకటనారాయణ వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. ఆమె గంప దించి, కాళ్లైనా కడుక్కోకుండా, అటక మీది సత్తుగిన్నె కోసం పీట ఎక్కింది.